కురిబయాషి చివరి కారు

కురిబయాషి షిగేరుకి అరవై ఏళ్ళు. మార్చి ముప్పై ఒకటితో ఉద్యోగం సరి. ఓతా ఊళ్ళో ఒకే కార్ల కంపెనీలో ముప్పై ఎనిమిదేళ్ళు కొత్త కార్లు తోలి చూసే పని చేశాడు. ఆయన నడుము ఒప్పుకుంటేనే కారు గేటు దాటేది. ఆ నడుమే ఇప్పుడు పొద్దున్నే పరుపు మీంచి లేవనివ్వడం లేదు. ఇంక కోరికలంటూ పెద్దగా లేవు. చివరి కారు అనుమతి కాగితం మీద, సంతకం బదులు వేసే తన పేరు ముద్ర పడితే చాలు.

ఆ చివరి కారైనా ఎలాంటిది దొరికింది, ఖర్మ కాకపోతే! ఏ కంపెనీ పేరెత్తితే ఇన్నేళ్ళూ వీళ్ళు మొహం తిప్పుకున్నారో, ఆ నగోయా వైపు కంపెనీతో పొత్తులో చేసే స్పోర్ట్స్ కారు. బండి ఒకటే, ముక్కు మీద గుర్తులు రెండు. విడివిడిగా చేస్తే ఇద్దరికీ గిట్టుబాటు కాదట.

అటునుంచి వచ్చిన డ్రైవరు హచియా. మూడేళ్ళుగా ఇద్దరి మధ్యా ఒకటే తగువు, వెనక స్ప్రింగు. హచియాకి గట్టిది కావాలి, మలుపులో వెనక భాగం కాస్త జారాలి. కురిబయాషికి మెత్తనిది కావాలి, అసలు జారకూడదు.

"జారే కారు మంచులో మనిషిని చంపుతుందండీ," అనేవాడు కురిబయాషి.

"కాస్త జారి ముందే చెప్పే కారు చంపదండీ. ఆఖరిదాకా నోరు విప్పని మీ కారే చంపుతుంది," అనేవాడు హచియా.

అంత వాదించిన పెద్దమనిషి కురిబయాషి, హచియా అడిగిన స్ప్రింగుతో మంచులో ఒక్కసారీ తోలలేదు. తెలిసిందానికి తోలడం దేనికి అన్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

మార్చి ఇరవై ఎనిమిదిన, ఆఖరిసారి కదా అని, అకాగి కొండ మీదికి రెండు రకాల స్ప్రింగుల కార్లూ తెప్పించుకున్నాడు. మలుపుల్లో మంచు సగం కరిగి ఉంది. తన స్ప్రింగు కారు మూడు మలుపులు బుద్ధిగా తిరిగింది. నాలుగో దాంట్లో చెప్పాపెట్టకుండా పట్టు వదిలేసింది. రెయిలింగుకి జానెడు దూరంలో ఆగింది. హచియా కారు అదే మలుపులో ముందుగానే కొంచెం జారి చెప్పి, ఆయన స్టీరింగు సర్దుకునేదాకా పట్టు వదల్లేదు. ఆయనకి సిగ్గేసింది.

మధ్యాహ్నం మీటింగు గదిలో కాగితం సిద్ధంగా ఉంది. ఆ ఆఫీసుల్లో చిన్నవాడు తన ముద్రని పెద్దవాడి ముద్ర వైపు కాస్త వంచి వేస్తాడు, వంగి దణ్ణం పెట్టినట్టు. "వాళ్ళది పెద్ద కంపెనీ, కొంచెం వంచి వెయ్యండి" అని సెక్షన్ అధికారి నుమాతా మూడేళ్ళుగా బతిమాలుతున్నాడు. కురిబయాషి ప్రతిసారీ మేకు దిగేసినట్టు నిటారుగానే వేశాడు. ఇవాళ హచియా ముద్ర ముందే పడి ఉంది. కురిబయాషి ఖాళీ గడి వైపు వంగి ఉంది. స్ప్రింగు అని ఉన్నచోట మెత్తనిదే రాశారు.

"నెగ్గారండీ. ఇంక నాకు ఓపిక లేదు. మా ఆవిడ ఇంటికి రమ్మని గోల," అన్నాడు హచియా.

కురిబయాషి ముద్రకి ఎర్ర సిరా అద్దాడు. మూడేళ్ళు ఎదురుచూసిన గెలుపు. ఒంట్లో అలసట తప్ప మరేం లేదు.

"పొద్దున మీది మంచులో తోలాను. మీదే మంచిది," అన్నాడు.

నుమాతా కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఈ ముక్క ముందే ఏడవకూడదా కురిబయాషి గారూ? కాగితం మళ్ళీ మొదటినుంచీ. రెండు కంపెనీలూ తిరిగొచ్చేసరికి ఏప్రిల్ నెలాఖరు. అప్పటికి మీరుండరు. మీ ముద్రా ఉండదు. ఇంత బతుకూ బతికి…"

"నేనేమీ అనుకోను, వేసెయ్యండి. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు హచియా మెల్లగా.

"నాకు తెలిసిపోయింది కదండీ."

చేతిరుమాలుతో ముద్ర మీది సిరా తుడవసాగాడు. ఆయన పేరు చెక్కిన గీతల్లో ఎరుపు ఇరుక్కుని ఒక పట్టాన పోలేదు.

ఏప్రిల్ ఇరవై ఆరున, గట్టి స్ప్రింగు అని రాసిన కొత్త కాగితం వచ్చింది. కురిబయాషి గడిలో నుమాతా తన ముద్ర వేశాడు. ఆ పూట కురిబయాషి ఇంట్లో బోర్లా పడుకుని, భార్య చేత నడుముకి మందుపట్టీ వేయించుకుంటున్నాడు. ఆయనకి ఎవరూ ఫోను చెయ్యలేదు.