నాలుగు గిన్నెలతో ఎల్లారెడ్డికి

ఎల్లారెడ్డికి నేను చుట్టపు చూపుగా వెళ్ళలేదు. నా చేతులతో నేనే పాడుచేసిన ఒక వస్తువును, మా ఆయన దుబాయి నుంచి దిగేలోగా బాగుచేయించుకుందామని వెళ్ళాను. అప్పటికి ఆయన రావడానికి పన్నెండు రోజులుంది.

ఆ వస్తువేమిటో ముందు చెప్పాలి. అంబులెన్సుల మీదా ఫైరింజన్ల మీదా కప్పుకు అడ్డంగా ఒక పొడవాటి దీపం ఉంటుంది. మీట నొక్కితే ఎర్రగా, నీలంగా టపటపా మెరుపులు కొడుతుంది. మా ఆయన పనిచేసేది పాత బండ్లను విడగొట్టే యార్డులో. అక్కడ తుక్కులోకి పోయే ఇలాంటి దీపాలను అడిగి తెచ్చుకుని, విప్పి, అరిగిన తీగలు మార్చి, మళ్ళీ వెలిగించడం ఆయనకు పిచ్చి. ఆ పిచ్చి అంటించింది ఎల్లారెడ్డి ఖాజా భాయ్. ఇద్దరూ నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నారు. నడుము పట్టేసి ఖాజా భాయ్ ముందే తిరిగొచ్చి, సొంత ఊళ్ళో జీపులకూ లారీలకూ వైరింగు చేసే దుకాణం పెట్టుకున్నాడు.

మూడేళ్ళ కిందటి సెలవులో మా ఆయన అలాంటి దీపం ఒకటి విప్పి తెచ్చి, అట్టపెట్టెలో పెట్టి అటక ఎక్కించాడు. ఈమధ్య కామారెడ్డిలో ఆయనతో బడిలో చదువుకున్న డాక్టరు ఒకరు చిన్న దవాఖాన తెరిచి, రోగుల కోసం వ్యాను కొన్నారు. దాని మీదికి అలాంటి దీపం వెలిగించి చూపిస్తే, బండి నడపడం, దాని బాగోగులు చూడడం అన్నీ నీకే అప్పగిస్తానని ఆయనకు ఉత్తరం రాశారట. "దీపం వెలిగితే నేను మళ్ళీ పోను" అని మా ఆయన నాకు రాశాడు. మా చిన్నికి అప్పటికి రెండేళ్ళు. నాన్న అంటే దానికి గోడమీది ఫోటో. ఆ ఒక్క వాక్యాన్ని నేను ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్కలేదు.

ఆ దీపంలో నాలుగు చిన్న గిన్నెలున్నాయి. టార్చిలైటులో బల్బు వెనక మెరుస్తూ ఉంటుందే, అలాంటివి. ఆయన వస్తున్నాడని ఇల్లు కడిగే ఊపులో అటక మీది పెట్టె దించాను. గిన్నెల మీద నల్లటి మచ్చలు కనిపించాయి. ఆ రోజు దీపపు కుందులు, ఇత్తడి చెంబులు, రాగి బిందె అన్నీ చింతపండూ బూడిదా పెట్టి తోముతున్నాను. వాటితోపాటు వీటినీ తోమాను. చేతికి నలుపు అంటుతుంటే మురికి వదులుతోందనుకుని ఇంకా గట్టిగా రుద్దాను. ఎండలో బోర్లించి, ఎండాక తిప్పి చూస్తే నాలుగూ సత్తు గిన్నెల్లా పాలిపోయి ఉన్నాయి. వదిలింది మురికి కాదు, మెరుపు పూత.

మా అత్తమ్మకు చూపిస్తే, "తోమితే పాడయ్యే సామాను గూడ ఉంటదా బిడ్డా" అంది. నేను బి.ఏ. చదివాను. నాకూ ఆ క్షణం వరకు అదే నమ్మకం.

మర్నాడే బయలుదేరాను. కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు ఏడుంబావుకని చెప్పారు, వచ్చేసరికి ఏడూ నలభై అయింది. ఏ భాగం అవసరమవుతుందో తెలియక దీపం మొత్తాన్ని పాత దుప్పటిలో చుట్టుకుని తెచ్చాను. దాదాపు నా భుజం దాకా ఉంది. గిన్నెలు మాత్రం టిఫిన్ డబ్బాలో దూది పరిచి పెట్టుకున్నాను. ఇంకో సంచిలో చిన్నికి పాల ఫ్లాస్కు, రెండు జతల బట్టలు, జ్వరం మందు. చంటిపిల్లతో ఈ దారిలో వెళ్ళేవాళ్ళు బిస్కెట్లు కామారెడ్డిలోనే కొనుక్కోవాలి. దారిలో బస్సు ఎక్కడ ఎంతసేపు ఆగుతుందో కండక్టరుకే తెలియదు.

కండక్టరు మా మూటను పైనుంచి కిందకి చూసి, "దీనికి లగేజీ కొట్టాల్నా, పెసింజరు కొట్టాల్నా అక్కా?" అన్నాడు. వెనక సీట్లో ఎవరో సగం టికెట్టు కొట్టమన్నారు. అందరూ నవ్వారు. చివరికి నాకు ఆరు రూపాయలు, మూటకు ఇంకో రెండు తీసుకున్నాడు.

తాడ్వాయిలో ఒక అవ్వ ఎక్కి నా పక్కన కూర్చుంది. లింగంపేటలో కూతురి ఇంటికి తునికాకు కట్టలు తీసుకెళ్తోంది. తల్లీకూతుళ్ళిద్దరూ బీడీలు చుడతారట. కూర్చున్న కాసేపటికే మూటను వేలితో పొడిచి చూసి, పెళ్ళి సామానా అని అడిగింది. అంబులెన్సు మీది దీపమని చెప్పాను. అవ్వ వేలు వెనక్కి తీసుకుంది. అలాంటిది పసిపిల్ల ఉన్న ఇంట్లో పెట్టుకుంటారా అంది. నేను చిన్నిని మూటకు అవతలి వైపుకు మార్చుకున్నాను. అప్పటికే చిన్ని ఒళ్ళు వేడిగా ఉందేమోనని దారంతా దాని నుదురు తడుముతూనే ఉన్నాను.

కాసేపు కిటికీలోంచి మక్కచేలను చూసి అవ్వే మళ్ళీ మాట కలిపింది.

"మా ముసలోన్ని గసొంటి బండిలనే నిజామాబాద్ తీస్కపోయిన్రు బిడ్డా. గా లైటు కొడుతుంటె ఎడ్లబండ్లు, లారీలు అన్ని పక్కకు జరిగినయ్. జిందగిల ఆయనకు గదొక్కసారే అందరు జరిగిన్రు."

ఆయన తిరిగొచ్చాడా అని అడగలేకపోయాను. అవ్వ లింగంపేటలో దిగుతూ, మూట మీద దుప్పటి జారితే సర్ది, పిల్ల బుగ్గ పుణికి వెళ్ళింది.

ఎల్లారెడ్డి బస్టాండు చేరేసరికి తొమ్మిదిన్నర. ఖాజా భాయ్ దుకాణం కష్టపడి వెతకనక్కర్లేదు. బస్టాండు నుంచి బయటికొచ్చి కుడివైపు తిరిగి, టైర్ల పంక్చర్లు వేసే షెడ్డు దాటితే వరసగా జీపులు ఆగి ఉంటాయి. అక్కడే. నన్నాయన పెళ్ళి ఫోటోలో మాత్రమే చూశాడు, అయినా గుర్తుపట్టాడు. "రవి పెండ్లాం గాదా" అని లేచి, స్టూలు తుడిచి వేశాడు. యాభై దాటిన మనిషి, నడుముకు తోలు పట్టీ. ఇల్లు దుకాణం వెనకే. చాయ్ తెమ్మని లోపలికి కేకేశాడు.

గోడకు రెండు అరలు. వాటి మీద ఏడు దీపాలు. ఒక్కొక్కటీ ఏ బండి మీదిదో, ఎక్కడ గీత పడిందో, ఏ తీగ తనే వేశాడో చాయ్ తాగేలోగా చెప్పాడు. రెండో అరలో ఎడమ చివర ఉన్నదాన్ని చెప్పేటప్పుడు మాత్రం లేచి దాని మీద చెయ్యి వేశాడు. అది ఒక ఫైరింజనుదట. ఆయన మొట్టమొదట బాగుచేసింది. పగలంతా ఎండలో ఇనుము కోసి వచ్చి, సాయంత్రాలు ఆయనా మా ఆయనా కలిసి ఐదు నెలలు కూర్చున్నారట. "మొదటిసారి ఎలిగినప్పుడు గదిల ఉన్న ఎనిమిది మందిమి పిల్లల లెక్క ఎగిరినం చెల్లె" అన్నాడు.

నేను డబ్బా తెరిచి గిన్నెలు ఆయన చేతిలో పెట్టాను. వెలుతురుకు తిప్పి, గోటితో గీకి చూశాడు.

"ఏం పెట్టి తోమినవ్ చెల్లె?"

"చింతపండు."

"బూడిద గూడనా?"

తల ఊపాను.

"అంటే పచ్చిపులుసు చేసినవన్నమాట" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. నా మొహం చూసి ఆయనా ఆపేశాడు. ఆ నల్లమచ్చలు మెత్తటి బట్టను మంచినీళ్ళలో తడిపి తుడిస్తే పోయేవట. పోకపోయినా వెలుగుకు అడ్డం కావట.

డాక్టరు మాట, మా ఆయన ఉత్తరం, పన్నెండు రోజులు, అన్నీ చెప్పాను. ఆయన దీపాన్ని బల్ల మీద పెట్టి విప్పబోయాడు. చిన్ని చెయ్యి చాపింది. "ముట్టనియ్యకు. తీగ పీకినంక గూడ దీంట్ల కరెంటు దాగుంటది" అని స్క్రూడ్రైవరు రెండు చోట్ల ఆనించాడు. టప్పుమని నిప్పురవ్వ లేచింది. నేను పిల్లను ఒళ్ళోకి లాక్కుని, మధ్యాహ్నం దాకా కింద దించలేదు.

ఆ పూత మళ్ళీ వేయించడం గురించి ఆయన చెప్పింది ఇది. పూత వేసేవాళ్ళు హైదరాబాదులో ఉన్నారు గాని, హెడ్‌లైట్లకు తప్ప ఇంత చిన్న గిన్నెలకు వేయరు. బతిమాలితే వేస్తారేమో, నెల పడుతుంది. సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం ముడతలు లేకుండా అతికించి, జీపు బ్యాటరీకి తగిలించి చూశాడు. దీపం సన్నగా కూత పెట్టి మెరిసింది, కానీ గోడ మీద వెలుగు చిల్లుల జల్లెడలోంచి పడ్డట్టు ముక్కలుగా పడింది. షేవింగ్ అద్దం ముక్కలు కోసి పెట్టి చూశాడు. అదీ కుదరలేదు. పన్నెండు గంటలయింది. ఆయన బల్లకు ఆనుకుని నిలబడి, రెండో అర ఎడమ చివరకేసి చూశాడు. ఎటు చూస్తున్నాడో నాకు అర్థమైంది.

ఆయన భార్య జొన్నరొట్టెలు, పప్పు, ఉల్లిగడ్డ పళ్ళెంలో తెచ్చింది. భర్త స్టూలెక్కి ఆ దీపాన్ని దించడం చూసి పళ్ళెం నా ముందు పెట్టి అక్కడే ఆగిపోయింది. "నన్ను గూడ తుడవనియ్యడు దాన్ని" అని నాతో మెల్లగా అంది. ఇద్దరూ ఉర్దూలో రెండు మాటలు అనుకున్నారు. ఆమె ఇంకేమీ అనకుండా చిన్నికి రొట్టె పాలలో నానబెట్టి తినిపించింది.

రెండు దీపాలూ ఒకే కంపెనీవి. గిన్నెలు సరిగ్గా సరిపోతాయి. ఆయన తన దీపంలోని నాలుగు మరలు విప్పుతుంటే నేను "వద్దు భాయ్" అన్నాను. ఒక్కసారే అన్నాను. అదీ ఆయనకు వినపడకపోయినా ఫరవాలేదన్నట్టు చిన్న గొంతుతో అన్నాను. ఈ ప్రయాణంలో నేను మరచిపోలేనిది అదే. రెండోసారి గట్టిగా అని ఉంటే ఆయన ఆగేవాడేమో. ఆగుతాడేమోనన్న భయంతోనే నేను అనలేదు.

ఆయన గిన్నెలు మా దీపంలో పెట్టి, షట్టరు సగం దించి మీట నొక్కాడు. గోడలు, టైర్లు, ఆయన గడ్డం, అన్నీ ఒకసారి ఎర్రగా, ఒకసారి నీలంగా అయ్యాయి. చిన్ని నా మెడలో మొహం దాచుకుని, తర్వాత ఒక కన్ను తెరిచి, తర్వాత రెండు చేతులూ చాపింది. ఖాజా భాయ్ వెంటనే ఆపి, గిన్నెలు మళ్ళీ తీసి, కొత్త దూదిలో చుట్టి డబ్బాలో పెట్టాడు. బిగించడం రవి చేత్తోనే కావాలన్నాడు.

అప్పుడు నేను తోమిన గిన్నెలు తన దీపంలో పెట్టి బిగించాడు. వెలిగించాడు. ముసుగు వేసుకున్నట్టు వెలిగింది. అదే కూత, అదే టపటప, కానీ గోడ దాకా వెలుగు చేరలేదు. ఆయన కాసేపు చూసి ఆపేసి, దాన్ని తీసుకెళ్ళి దాని చోటనే పెట్టాడు.

"గోడకుండేదానికి గీ వెలుగు చాలు" అన్నాడు. తర్వాత నా వైపు తిరగకుండానే, "రవికి చెప్పకు చెల్లె. చెప్తే తెల్లారే పట్కొని వస్తడు. వాని సంగతి నాకెరుక" అన్నాడు.

తిరుగు బస్సు మూడింటికి. ఖాజా భాయ్ బస్టాండు దాకా వచ్చి, మూటను డ్రైవరు వెనక నిలబెట్టి, అది కదలకుండా తన తువ్వాలుతో కడ్డీకి కట్టాడు. ఆ తువ్వాలు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. లింగంపేట దాటేదాకా చిన్ని నిద్రపోయింది. ఒళ్ళు చల్లగానే ఉంది. డబ్బా ఒడిలో పెట్టుకుని ఆయన అన్న మాటే తిప్పి తిప్పి ఆలోచించాను. చెబితే మా ఆయన మర్నాడే ఎల్లారెడ్డి బస్సెక్కి గిన్నెలు ఇచ్చేసి వస్తాడు, డాక్టరుకు చూపించడానికి దీపముండదు, నెల తిరిగేసరికి మళ్ళీ విమానమెక్కుతాడు. చెప్పకపోతే ఉంటాడు. కామారెడ్డి చేరేసరికి అయిదు కావస్తోంది. బస్సు దిగేటప్పటికే నేను చెప్పనని నాకు తెలిసిపోయింది.

ఆయన వచ్చాడు. పెట్టె దించి, గిన్నెలు చేతిలోకి తీసుకుని, ఇవి ఇంత శుభ్రంగా ఎలా ఉన్నాయని అడిగాడు. తుడిచానన్నాను. "బాగా తుడిచినవ్" అని మెచ్చుకున్నాడు. దీపం వెలిగింది, డాక్టరు మాట నిలబెట్టుకున్నారు, ఆయన ఇక పోలేదు. ఆ వ్యాను మా వీధిలోంచి మెరుస్తూ వెళ్ళినప్పుడల్లా చిన్ని చప్పట్లు కొడుతుంది, నేను లోపలికి వచ్చేస్తాను. ఖాజా భాయ్‌ని చూసి వద్దామని ఆయన మూడుసార్లు అన్నాడు. మూడుసార్లూ పిల్లకు ఒంట్లో బాగా లేదన్నాను. నోటితో చెప్పలేనిది కాబట్టి ఇలా రాశాను.

పాత దీపాలున్నవాళ్ళు ఎవరైనా ఎల్లారెడ్డి వెళ్ళవచ్చు. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరతారు. ఖాజా భాయ్ చేతిలో బాగుపడనిది ఉండదు. ఏదీ తోమి మాత్రం తీసుకెళ్ళకండి. దుకాణంలో కూర్చున్నప్పుడు రెండో అరలో ఎడమ చివరి దీపాన్ని వెలిగించి చూపించమని అడగకండి. అడిగితే ఆయన వెలిగిస్తాడు. ఇదేమిటి ఇంత మసకగా ఉందని మీరంటారు. పాతదయింది గదా అంటాడు.