పక్క యూనిట్‌లో ఏడ్చే ఆవిడ

ఐటీ ఊపు మీదున్న రోజుల్లో మావారూ నేనూ కలిసి జురాంగ్ ఈస్ట్ పారిశ్రామిక వాడలో, ఒక పాత ఫ్యాక్టరీ భవనంలో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు పెట్టుకున్నాం. ఆస్ట్రేలియా క్లయింట్ల నుంచి మధ్యాహ్నమంతా ఫోన్లు వచ్చేవి. సరిగ్గా అప్పుడే పక్క యూనిట్‌లోంచి ఏడుపు మొదలయ్యేది. మామూలు ఏడుపు కాదు. రాగం తీస్తూ, ఎవరినో పిలుస్తూ, గుండెలు బాదుకుంటున్నట్టు ఉండేది.

మొదటిరోజు హడలిపోయి పరుగెత్తాను. తలుపు తీసిన చైనీస్ ఆంటీ చేతిలో కాఫీ గ్లాసు ఉంది. కంట్లో తడి లేదు. చావు ఇళ్లకు వెళ్లి, కుటుంబం తరఫున ఏడవడం ఆవిడ వృత్తి. ఇక్కడ సాధన చేస్తోంది.

ఒకరోజు ఫోన్లో క్లయింట్, "అక్కడంతా క్షేమమేనా?" అని అడిగాడు. మావారు వెంటనే కాంట్రాక్టర్‌ని పిలిపించారు. చప్పుడు ఇవతలికి రాకుండా పాత గోడకు కాస్త ఎడంగా ఇనుప ఫ్రేము, అందులో దూదిలాంటి రాక్‌వూల్, పైన జిప్సం బోర్డులు.

"అంత అవసరమా?" అన్నాను.

"నువ్వు వినగలవేమో. నావల్ల కాదు."

అంతకు ముందు ఏడాది మాకో పాప పుట్టింది. పుట్టి ఏడవలేదు. ఆస్పత్రి నుంచి రాగానే ఆయన ఉయ్యాల విప్పి అటక మీద పెట్టేశారు. బెడోక్‌లోని మా ఫ్లాట్‌లో మళ్లీ ఆ ఊసు రాలేదు. నేనూ ఏడవలేదు.

గోడ పని వల్ల దుమ్ము లేస్తుందని చెప్పడానికి పక్కకు వెళ్లాను.

"సారీ లా, నా గోల ఎక్కువైంది," అంది ఆంటీ, వచ్చీరాని ఇంగ్లీషులో. నా ముఖంలోకి చూసి, "మీ ఇంట్లో ఎవరు పోయారు?" అని అడిగింది.

ఎవరికీ చెప్పని సంగతి ఆవిడకు చెప్పేశాను.

"పేరు?"

"పెట్టలేదు."

"పేరు లేకున్నా క్యాన్ లా, ఏడవొచ్చు."

గ్లాసు పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని మొదలుపెట్టింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆగాక చూస్తే ఆవిడ కళ్లు తడిసి ఉన్నాయి. నావి పొడిగానే ఉన్నాయి.

గోడ పూర్తయ్యాక ఆఫీసులో చడీచప్పుడూ లేకుండా పోయింది. ఆ నిశ్శబ్దంలోనే నాకు ఏడుపు వినిపించడం మొదలైంది. సన్నటి గొంతు, చాలా చిన్నది. ఎవరికీ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం మావారు కీబోర్డు మీద చేతులాపి గోడవైపు చూశారు.

"మళ్లీ వినిపిస్తోందేంటి? కాంట్రాక్టర్‌కి ఫోన్ చెయ్యనా?"

బయటికెళ్లి చూశాను. పక్క షట్టర్ వేసి ఉంది. పాసిర్ రిస్‌లో ఎవరో పోతే పొద్దున్నే ఆంటీ ఏడవడానికి అక్కడికి వెళ్లిందని లిఫ్ట్ దగ్గర సెక్యూరిటీ అంకుల్ చెప్పాడు. వచ్చి ఆ మాటే చెప్పాను.

"మీకేం వినిపించింది?" అని అడిగాను.

"చంటిపిల్ల," అన్నారు.

అని, బల్ల మీదికి వంగి ఏడ్చేశారు. మా గది తలుపు మూసి, ఆయన తల దగ్గరికి తీసుకున్నాను. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. నాకూ అప్పుడే వచ్చింది ఏడుపు.

ఆ సన్నటి గొంతు ఆ తర్వాత కూడా చాన్నాళ్లు వినిపించింది. వినిపించినప్పుడల్లా పని ఆపి ఒకరి వంక ఒకరం చూసుకునేవాళ్లం.