వద్దన్నది మస్తాన్ వలీ

ఒక మనిషి మీద నింద వేసి, ఆ నింద చాటున ఐదేళ్లు ఉద్యోగం చేసి, శాలువా కప్పించుకుని రిటైరయ్యాను. నా గుండెల మీద ఉన్న బరువు ఇదీ. నిన్నటిదాకా నా భార్యకు కూడా చెప్పలేదు. చెప్పాలని నోరు తెరిచిన రోజులున్నాయి. తెరిచి, మంచినీళ్లు అడిగాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం కొంచెం తేలిక. కొంచెమే.

గుంటూరు దాటి హైవే మీద ఒంగోలు వైపు పోతుంటే వచ్చే ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను ఫిజికల్ డైరెక్టర్ని. పిల్లలు పీడీ సార్ అనేవాళ్లు. తొంభై ఏడులో చేరాను. నేను ఆడింది వాలీబాల్. మా కరస్పాండెంటు గారికేమో ఫుట్‌బాల్ పిచ్చి. చుట్టుపక్కల ఏ కాలేజీకీ లేని టీము తన కాలేజీకి ఉండాలని ఆయన కోరిక. "మీరే కోచ్ మాస్టారూ" అన్నారు. నాకు రాదు అని చెప్పాల్సింది. సరేనన్నాను.

పదకొండేళ్లు హెడ్ కోచ్‌గా ఉన్నాను. ఆ పదకొండేళ్లలో ఏ ఒక్క ఏడాదీ మేం గెలిచిన మ్యాచ్‌లు ఓడినవాటికంటే ఎక్కువ లేవు. అయినా నన్నెవరూ తీసెయ్యలేదు. ఎందుకని? అప్పట్లో నేను ఇచ్చుకునే జవాబు వేరు. ఓడిన ప్రతిసారీ కారణం నా దగ్గర సిద్ధంగా ఉండేది. మా గ్రౌండు నల్లరేగడి నేల, వానొస్తే బూటు పైకి రాదు. రిఫరీ అవతలివాళ్ల ఊరివాడు. గోల్‌కీపర్‌కి జ్వరం. కరస్పాండెంటు గారి గదిలో నిలబడి ఇవన్నీ నమ్మకంగా చెప్పేవాణ్ణి. నా నోటి మంచితనం వల్లే నా కుర్చీ నిలబడుతోందని అనుకునేవాణ్ణి. అది కూడా నిజం కాదని ఈ మధ్యే తెలిసింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

మస్తాన్ వలీ గురించి ముందు చెప్పాలి.

ప్రత్తిపాడు మనిషి. గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. పొద్దున్నించీ మిర్చి టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, వీపు మీద మోసి, సాయంత్రం సైకిల్ మీద ఇంటికి పోతూ మా కాలేజీ ప్రహరీ దగ్గర ఆగి ఆట చూసేవాడు. చిన్నప్పుడు గుంటూరులో రైల్వే క్వార్టర్ల పక్కన ఖాళీ జాగాలో బూట్లు లేకుండా ఫుట్‌బాల్ ఆడి పెరిగాడట. ఒకరోజు ఉండబట్టలేక గోడ అవతలి నుంచే అరిచాడు. "ఒరేయ్, బంతి వంక కాదురా, వాడి నడుం వంక చూడు! నడుం ఎటు తిరిగిద్దో వాడు అటే పోయేది!" మా డిఫెండరు నడుం వంక చూశాడు. బంతి దొరికింది. నేను గేటు తీయించాను.

అప్పటినుంచి రోజూ వచ్చేవాడు. రోల్స్‌లో పేరు లేదు, జీతం లేదు. మిరప ఘాటుకు ఎప్పుడూ కళ్లు ఎర్రగా ఉండేవి. దగ్గేవాడు. బంతిని మాత్రం చేత్తో ముట్టుకునేవాడు కాదు, కాలితోనే అందించేవాడు. చేతుల ఘాటు బంతికి అంటి, బంతి నుంచి గోల్‌కీపర్ కళ్లకు అంటుతుందని. ఆట నాకంటే అతనికి ఎక్కువ తెలుసు. ఆ సంగతి నాకు తెలుసు, పిల్లలకు తెలుసు. అతను మాత్రం ఎప్పుడూ నాకు రెండడుగులు వెనకే నిలబడి, ఏదైనా చెప్పాలంటే నా చెవిలో చెప్పేవాడు. నేను పైకి అరిచేవాణ్ణి. అతనున్న మూడేళ్లే మేం కాస్త మర్యాదగా ఓడాం. మూడో ఏడు అంతర్ కళాశాలల పోటీల్లో సెమీఫైనల్ దాకా వెళ్లాం. ఆ సెమీఫైనల్ మా గ్రౌండులోనే పెట్టారు.

మా టీముకు ఆయువుపట్టు శ్రీను. అతనిదీ ప్రత్తిపాడే. తండ్రి కౌలుకు తీసుకుని పత్తి వేసేవాడు. ఆరడుగుల మనిషి, డిఫెన్సులో గోడలా నిలబడేవాడు. డిగ్రీ అవగానే పోలీసు కానిస్టేబుల్ సెలక్షన్‌కు వెళ్లాలని తెల్లవారుజామున రోడ్డు మీద పరిగెత్తేవాడు. మస్తాన్ వలీని మామా అని పిలిచేవాడు. ఆ పిలుపు ఊరి వరస మాత్రమే కాదు, అభిమానం కూడా.

సెమీఫైనల్ ముందురోజు ప్రాక్టీసులో శ్రీను మోకాలు మడతపడింది. సాయంత్రానికి వాచింది. మస్తాన్ వలీ కొబ్బరినూనె రాసి, అటూ ఇటూ నొక్కి చూసి, శ్రీనుని ఇంటికి పంపించాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచాడు.

"రేపు ఈ పిల్లోణ్ణి దించొద్దు సార్. మోకాలు కాలిపోతంది. ఇంకోసారి తిరిగిందంటే పోయిద్ది. నాకు రేపు యార్డులో సరుకు శానా ఉంది, సగం ఆటకి గానీ రాలేను. మీరు మాత్రం దించొద్దు."

సరేనన్నాను.

మర్నాడు కరస్పాండెంటు గారు షామియానా వేయించారు. ఊరి పెద్దల్ని తెచ్చి కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఆటకు ముందు నా దగ్గరకు వచ్చి, "మన శ్రీను ఏడీ?" అని అడిగారు. అంతే. ఆడించమని అనలేదు. ఆ ప్రశ్నను ఆజ్ఞగా మార్చుకున్నది నేను. ఇది నేను ఎన్నోసార్లు తిరగేసి చూసుకున్నాను, ఎక్కడైనా ఆయన మాటలో చిన్న ఒత్తిడి దొరుకుతుందేమో, సగం తప్పు అటు తోసెయ్యొచ్చేమోనని. దొరకలేదు. చెట్టు కింద కూర్చున్న శ్రీను దగ్గరకు వెళ్లి, బూట్లు కట్టుకోమన్నాను.

"మామ ఏమన్నాడు సార్?" అని అడిగాడు.

"పరవాలేదన్నాడు" అన్నాను.

మొదటి అబద్ధం అది. ఎంత తేలిగ్గా వచ్చిందో! మామ అన్నాడంటే ఆ పిల్లాడికి ఇంక అనుమానం ఉండదని నాకు తెలుసు. తెలిసే ఆ పేరు వాడుకున్నాను.

సగం ఆట అయ్యాక మస్తాన్ వలీ వచ్చాడు. సైకిల్ స్టాండు కూడా వెయ్యకుండా గోడకు ఆనించి నావైపు పరిగెత్తాడు. అతను నా దగ్గరకు చేరేలోపే శ్రీను పడిపోయాడు. ఎవరూ గుద్దలేదు. ఒంటరిగా తిరగబోయి పడ్డాడు. ఆ అరుపు షామియానా దాకా వినిపించింది. నాలుగు గోల్స్ తేడాతో ఓడాం. గుంటూరులో ఆపరేషన్ అయింది. నడుస్తాడు గానీ పరిగెత్తడం మర్చిపొమ్మన్నారు డాక్టరు గారు.

నాలుగో రోజు శ్రీను తండ్రి కాలేజీకి వచ్చాడు. గట్టిగా అరుస్తాడనుకున్నాను. అరవలేదు. కరస్పాండెంటు గారి గదిలో తలగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడి, "వాచిన కాలుతో నా కొడుకుని ఎవరు దించారండీ?" అని మాత్రం అడిగాడు. కరస్పాండెంటు గారు నావైపు చూశారు.

"మస్తాన్ వలీ పరవాలేదన్నాడండీ. నేను నమ్మాను" అన్నాను.

ఆ మనిషి బయట వరండాలోనే ఉన్నాడు. శ్రీను ఎలా ఉన్నాడో కనుక్కుందామని వచ్చాడట. తలుపు తీసే ఉంది. నేను బయటకు వచ్చేసరికి స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు.

"అదేంది సార్? వద్దన్నది నేనేగా?"

అతని గొంతులో కోపం లేదు. నిజంగా అర్థంకాక అడుగుతున్నాడు.

"నా ఉద్యోగం పోతుంది మస్తాన్. నీకు యార్డుంది. నాకు ఇదొక్కటే."

"యార్డు పొట్టకి సార్..." అని ఆగాడు. మిగతా మాట అనలేదు. గ్రౌండు వైపు చూశాడు. తర్వాత, "సరే, మీరుండండి. ఆ పిల్లోడికి మాత్రం నిజం చెప్పండి. వాడు నా గురించి అట్టా అనుకోకూడదు" అన్నాడు.

"చెప్తాను" అన్నాను.

చెప్పలేదు. ఆసుపత్రికి రెండుసార్లు వెళ్లాను. మంచం పక్కన బత్తాయిలు పెట్టి వచ్చాను. మస్తాన్ వలీ కూడా వెళ్లాడట, శ్రీను తండ్రి వార్డు గుమ్మంలోంచే పంపించేశాడట. కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్‌కి చెప్పారు, ఆ మనిషిని లోపలికి రానివ్వొద్దని. కొన్నాళ్లు ప్రహరీ అవతల సైకిల్ ఆగడం చూశాను. నేను చూసీ చూడనట్టు విజిల్ ఊదుకున్నాను. తర్వాత సైకిల్ రావడం మానేసింది.

మేం ఓడుతూనే ఉన్నాం. నేను ఉంటూనే ఉన్నాను.

రెండువేల ఎనిమిదిలో రిటైరయ్యాను. సన్మానసభలో కరస్పాండెంటు గారు, గెలుపోటములకంటే విలువలు ముఖ్యమని నేర్పిన గురువు అని నన్ను పొగిడారు. చప్పట్లు కొట్టారు. భోజనాల దగ్గర పాత గోల్‌కీపర్ ఒకడు పలకరించి, మాటల మధ్య, "మన మస్తాన్ మామ పోయిన నెల చనిపోయాడు సార్, ఊపిరితిత్తులు పాడై" అన్నాడు. "ఆ రోజు శ్రీను ఊళ్లోకి వచ్చి ఉండి కూడా మట్టికి రాలేదు" అని కూడా అన్నాడు. తింటున్న ముద్ద విస్తట్లోనే వదిలి లేచాను.

ఇక ఆగకూడదనుకున్నాను. ధైర్యం వచ్చిందా? లేదు. భయం అలాగే ఉంది. కానీ భయపడుతూనే బస్సెక్కవచ్చని ఆ రోజు తెలిసింది.

శ్రీను చీమకుర్తిలో ఒక వేబ్రిడ్జిలో పనిచేస్తున్నాడు. గ్రానైటు రాళ్ల లారీలు కాటా మీదకు ఎక్కితే తూకం చీటీ రాసివ్వాలి, కూర్చుని చేసే పని. నన్ను చూసి లేవబోయాడు. కుడికాలు సహకరించడానికి ఒక క్షణం పట్టింది. ఆ క్షణం నేను చూడాల్సిందే అనిపించింది, చూశాను. కుర్చీ వేశాడు. టీ తెప్పిస్తానన్నాడు. వద్దని, నిలబడే చెప్పాను. మొత్తం చెప్పాను. ముందురోజు సాయంత్రం మామ అన్న మాట, చెట్టు కింద నేనన్న మాట, గదిలో అన్న మాట, వరండాలో ఇచ్చి తప్పిన మాట.

తిడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. అతను చీటీల పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

"మామని మా ఇంటి ముందునుంచే తీసకపోయారు సార్" అన్నాడు. "నేను తలుపేసుకున్నా."

బయట లారీవాడు హారన్ కొట్టాడు.

"ఇంక మీరెళ్లండి సార్."

వచ్చేశాను. ఆ వారంలోనే ప్రత్తిపాడు వెళ్లాను. మస్తాన్ వలీ భార్య ఖాసింబీ మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. చేతులు ఆపకుండానే విన్నది. భర్త ఆమెకు ఎప్పుడో చెప్పాడట. నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

"నాకు తెలిసిందే నాకు చెప్తే ఏమొచ్చిద్ది మాస్టారూ? ఆ మాట ఎక్కడన్నారో అక్కడికి పోయి చెప్పండి."

వెళ్లాను. అదే గది. కరస్పాండెంటు గారు అంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నాకప్పుడే అనుమానం మాస్టారూ. ఆ మస్తాన్ వలీ అట్టా చెప్పే మనిషి కాదు."

"మరి నన్నెందుకు ఉంచారండీ?"

"మిమ్మల్ని తీసెయ్యాలని నేనెప్పుడూ అనుకోలేదే! ఎండాకాలం ఊళ్లు తిరిగి అడ్మిషన్లు తెచ్చేది మీరు. జెండా పండగ, వార్షికోత్సవం, అన్నిటికీ ముందుండేది మీరు. ఒక్క ఆట ఓడినంత మాత్రాన మిమ్మల్ని పోగొట్టుకుంటానా? అతనేమో రోల్స్‌లో లేడు. శ్రీను వాళ్లకు ఎవరో ఒకరి పేరు కావాలి. పోనీలెండి, ఇప్పుడెందుకవన్నీ?"

మెట్లు దిగి వచ్చేశాను. అంటే ఆ రోజు "నేనే దించానండీ, నాదే తప్పు" అని ఉన్నా నా ఉద్యోగం నాకు ఉండేది. అంటే నేను దేనికోసం ఆ మనిషిని అమ్ముకున్నాను? ఎలాగూ పోని ఉద్యోగాన్ని కాపాడుకోవడానికా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడం మానేశాను. ఏ జవాబు దొరికినా అది నాకు ఊరట ఇచ్చేదిగానే ఉంటుంది. నాకు ఊరట ఇచ్చే కారణాలు తయారుచెయ్యడంలో నాకు పదకొండేళ్ల అనుభవం ఉంది.

మర్నాడు జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసి, సంతకం పెట్టి, కాలేజీ ఆఫీసులో ఇచ్చాను. గుమస్తా అటూ ఇటూ తిప్పి, ఏ ఫైల్లో పెట్టాలని అడిగాడు. ఫైల్లో వద్దని, ఆటల గది నోటీసుబోర్డుకు అంటించమన్నాను. అంటించలేదు. వారం చూసి, నేనే వెళ్లి అంటించాను. తీసేశారు. మళ్లీ రాసి అంటించాను. ఒక కాపీ చీమకుర్తికి, ఒకటి ప్రత్తిపాడుకు పంపాను. ఎక్కడినుంచీ జవాబు రాలేదు. రావాల్సిన అవసరం కూడా లేదు. నిన్న రాత్రి నా భార్యకు చెప్పాను. ఆమె ఇంకా నాతో మాట్లాడలేదు.

మిమ్మల్ని క్షమించమని అడగను. క్షమించగలిగిన మనిషి ప్రత్తిపాడు మట్టిలో ఉన్నాడు. బతికున్న ఇద్దరినీ నేను అడగను, వాళ్ల మీద ఆ భారం కూడా పెట్టలేను. నేను చెయ్యగలిగింది ఒక్కటే, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఉన్నది ఉన్నట్టు చెప్పడం. మీకు చెప్తున్నాను, వినండి. ఆ రోజు శ్రీనుని ఆడించింది నేను. ఎవరూ చెప్పలేదు. నేనే.