నాయన చెక్కించిన మాట

అమ్మ సమాధి మీది నాపరాయి నిలువునా పగిలితే, కొత్తది చేయించడానికి పోయిన నెల నంద్యాలలో కంప్యూటరుతో రాళ్ళ మీద అక్షరాలు కోసే అంగడికి వెళ్ళాను. పాత రాయి ఫోటో చూసి అంగడాయన, "'ప్రభువునందు నిద్రించెను' ఏంది పెద్దాయనా? చనిపోయెను అంటే సరిపోదా?" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు గాని, ఇన్నేళ్ళయినా చల్లారని కోపమొకటి నాలో ఉందని ఆ పూటే తెలిసింది.

డెబ్బైల చివర నేను నంద్యాలలో ఒక నాపరాళ్ళ యార్డులో కొలతలు వేసేవాణ్ణి. బడిలో నేర్చింది తక్కువ. చదరపుటడుగుల లెక్కలు ఆ రాతి పలకల మీదే సుద్దతో వేసుకుంటూ నాకు నేనే నేర్చుకున్నాను. అర అంగుళం తేడా వచ్చినా పలకను వెనక్కి పంపే మనిషిని కనుక, రుజువు లేని మాటకు తేలిగ్గా తలూపుతానని ఎవరూ అనుకోవద్దు.

మా ఊరు ఆళ్ళగడ్డలో అమ్మ కామెర్లతో మంచం పట్టినప్పుడు, స్వస్థత కూటాలు పెట్టే ప్రసంగీకుడొకాయన మా ఇంటికొచ్చి, ఆదివారానికల్లా ఆమె లేచి చర్చికి నడుస్తుందని చుట్టుపక్కల వాళ్ళందరి ముందూ చెప్పి పోయాడు. శనివారం అమ్మ పోయింది. సమాధి దగ్గర ఆయన నోరు మూసుకున్నా బాగుండేది. "ఈ ఇంట్లో ఎవరికో విశ్వాసం తక్కువైంది" అన్నాడు, నాయన వైపు చూస్తూ. పగలంతా పరుల చేలల్లో మడక దున్ని వచ్చి, అన్నానికి ముందు మోకరించని రోజు లేని మనిషి, ఆ మాటకు తల దించుకున్నాడు.

అది చాలదన్నట్టు సమాధి రాయి చెక్కించే దగ్గర ఇంకొక గొడవ. మా వీధి చివర విగ్రహాలు చెక్కే ఆచారి ఉండేవాడు. నేను ఎంచి తెచ్చిన పలక మీద 'నిద్రించెను' అని చెక్కమని నాయన చెబితే, నంద్యాలలో కాలేజీ పిల్లలకు సైన్సు చెప్పే మా చిన్నాయన అడ్డుపడ్డాడు.

"యాడ నిద్రపోతాందన్నా వదిన? నాడి చూసింది నేనే గదా. రుజువు లేని మాటకు అర్థమే ఉండదు. రాతి మీద అబద్ధం చెక్కిస్తావా?"

"గుంత తవ్వింది నేనురా" అన్నాడు నాయన. "ఆమె సచ్చిపోయిందని నాకే చెప్తాండావా?"

చిన్నాయన వదల్లేదు. ఉలి పట్టుకుని కూర్చున్న ఆచారికి విసుగొచ్చింది.

"మీ యవ్వారం తెగేలోపల ఆయమ్మే లేసొచ్చేట్టుందప్పా!"

నాయన నవ్వాడు. అమ్మ పోయాక అదే మొదటి నవ్వు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, "నువ్వు చెక్కప్పా" అన్నాడు. చిన్నాయన విసురుగా లేచి వెళ్ళిపోయాడు.

ఆ ప్రసంగీకుడి మీదా, చిన్నాయన మీదా నాకున్నది ఒకే కోపం. టేపు ఎక్కడ పట్టాలో తెలియని వాళ్ళు కొలతల గురించి మాట్లాడితే ఒళ్ళు మండుతుంది. ఆదివారానికి లేస్తుందన్నది కొలవదగ్గ మాటే. కొలిచాం, తప్పని తేలింది, చెప్పినవాడు ఒప్పుకోవలసింది పోయి నింద నాయన నెత్తిన రుద్దాడు. నిద్రించెను అన్నది ఆ జాతి మాట కాదు. దాని అర్థం నాయన నడకలో ఉంది. ఏటా సమాధుల పండగకు సున్నం కొట్టడానికి పోయినప్పుడు, ఆ రాయికి కాస్త దూరంలోనే చెప్పులు విడిచి చేత పట్టుకునేవాడు. పిల్లలు అరిస్తే, "మెల్లగా మాట్లాడండ్రా, అమ్మ పండుకోని ఉండాది" అని గదిమేవాడు. ఎనభైలన్నీ అలాగే గడిచాయి. ఆమె పోయిందని ఒక్కనాడూ మరిచిపోలేదు, ఆమెను మళ్ళీ చూస్తానన్నట్టే బతికాడు. ఆ ఒక్క మాటా తీసేస్తే ఆ మనిషి దేని మీద నిలబడాలో, అంత చదివిన చిన్నాయన ఎన్నడూ చెప్పలేదు.

కొత్త రాయి మీదా పాత మాటే పెట్టించాను. మొన్న దాన్ని నిలబెట్టేటప్పుడు మావాళ్ళంతా వచ్చారు. ఫోన్లలో పాటలు, ఫోటోలు, ఒకటే నవ్వులు. సమాధుల మధ్య ఇప్పుడెవరూ గొంతు తగ్గించరు. మాట రాతి మీద ఉంది గాని, దాన్నిబట్టి అడుగు వేసేవాళ్ళు లేరు. ఒళ్ళు మండి, మెల్లగా మాట్లాడలేరా అని అరిచాను. అరిచాక, అందరికంటే నా గొంతే పెద్దగా మోగిందని తెలిసి, నాలుక కరుచుకుని అమ్మ రాయి వైపు చూశాను.