డబ్బాలో అత్తమ్మ చెయ్యి

వంట చేసేటప్పుడల్లా దేవుని పేరున పిడికెడు బియ్యం వేరే డబ్బాలో వేస్తాను. నెలాఖరున ఎల్లారెడ్డిలోని మా చర్చికి ఇస్తే పేద ఇళ్లకు పంచుతారు. చర్చికి రాని మా అత్తమ్మ ఆ డబ్బా చుట్టూ తిరుగుతుంటే నాకు వారం నుంచీ అనుమానమే. ఈ రోజు నీళ్లు పట్టుకొచ్చేసరికి ఆమె చెయ్యి అందులోనే ఉంది. ఎన్నడూ ఎదురు చెప్పని నేను నోరు తెరిచాను.

"అత్తమ్మా, గవి దేవుని బియ్యం. తియ్యకుండ్రి."

"తీస్తలేనే, ఏస్తున్న! నీ పిడికిలి గింతంతుంది. గది ఎవ్వల కడుపు నింపుతది?"

"ఎప్పటిసంది ఏస్తున్నరు?"

"పొయ్యి మీద అన్నం మాడుతుంది, చూస్కోపో."

డబ్బా తొందరగా నిండడం దేవుని అద్భుతమని పోయిన ఆదివారమే చర్చిలో అందరి ముందూ లేచి సాక్ష్యం చెప్పాను. ఇప్పుడు మళ్లీ లేచి ఏమని చెప్పాలి? మీరైతే ఏం చెప్తారు?