బుడన్‌సాబ్ ఎర్తు

హిందూపురంలో ఏ బండి మొరాయించినా మా లారీ ఎలక్ట్రీషియన్ బుడన్‌సాబ్ చెప్పే కారణం ఒక్కటే: "ఎర్తు లేదప్పా!"

బ్యాటరీ నుంచి తీగలో వెళ్లిన కరెంటు బండి ఇనుప బాడీ గుండా తిరిగి బ్యాటరీకి చేరాలి. ఆ తిరుగుదారిని వాళ్లు ఎర్తు అంటారు. మధ్యలో పెయింటో తుప్పో అడ్డం వస్తే లైటు వెలగదు. అందుకని బుడన్‌సాబ్ ముందు ఉప్పుకాగితం తీసి, పెయింటు గీకి, ఇనుము తళతళలాడాకే బోల్టు బిగించేవాడు. ఊళ్లో ఆయన గీకిన బోడిమచ్చ లేని లారీ ఉండేది కాదు.

ఆ మాట లారీల దగ్గర ఆగితే బాగుండేది. ఎదురింటి నరసక్క రేడియో గరగరమంటే ఎర్తు లేదు. పక్కింటి అల్లుడు అలిగి వెళ్లిపోతే ఎర్తు లేదు. ఒకసారి నాకు కడుపునొప్పి వస్తే, ఏం తిన్నావని కూడా అడగకుండా, "చెప్పులిడిసి కాసేపు నేల మీద నిలబడు పోతులయ్యా" అన్నాడు. ఖర్మకాలి తగ్గింది. దాంతో మనిషి మరీ చెడిపోయాడు.

1962లో నేను రోడ్డు కాంట్రాక్టరు రంగప్ప దగ్గర పికప్ డ్రైవర్ని. పెనుకొండ దగ్గర మలుపులో పని. ఆడవాళ్లు రోడ్డు మీద కంకర పరుస్తుంటే, వాళ్లకు అడ్డంగా వెనకాల మా బండి నిలిపేవాళ్లం. పొద్దువాలే వేళకు ధర్మవరం బస్సు దూసుకొచ్చేది. అందుకే బండి వెనక ఆగి ఆగి వెలిగే పసుపు లైట్లు పెట్టించాలని రంగప్ప బుడన్‌సాబ్‌ను పిలిపించాడు. ఆయన రావడం రావడమే ఉప్పుకాగితం తీశాడు.

"ఏమప్పా, కొత్త పెయింటు! గీకద్దు!"

"గీకకుంటే వెలగదు సామీ."

"ఇంకో దారి లేదా?"

"ఉండాది. లైట్లు నీ నెత్తిన పెట్టుకోని, బండెనక నువ్వు నిలబడల్ల."

రంగప్ప మొహం తిప్పుకుని, కానిమ్మని చెయ్యి ఊపాడు. సాయంత్రానికి రెండు లైట్లూ టిక్కు టిక్కుమని కొట్టుకుంటున్నాయి. కంకర పరిచే ఈరక్క చూసి, "ఇంగ ఎనక్కి తిరిగి చూడకుండా పని చేసుకోవచ్చు" అంది.

ఆ లైట్లు చూసి నాకు తెలివి పుట్టింది. స్టీరింగు ముందున్న నరసింహస్వామి పటానికి చిన్న బల్బు పెట్టి, దానికి ఆ లైట్ల తీగ నుంచే కరెంటు లాగాను. ముడి మీద సైకిలు ట్యూబు ముక్క చుట్టాను. లైట్లతో పాటు స్వామి కూడా వెలిగి ఆరి, వెలిగి ఆరి, నాకు కన్ను కొడుతున్నట్టుండేది. నేను మురిసిపోయాను.

నాలుగో రోజు నా ముడి ఇనుముకు రాసుకుని, చుట్టిన ట్యూబు చిరిగి, లోపలి తీగ ఇనుముకు తగిలింది. ఫ్యూజు పోయింది. వెనక లైట్లు ఆరిపోయాయి, నేను చూడలేదు. మసక వెలుతురులో బస్సు డ్రైవరుకు మా బండి చివరిదాకా కనపడలేదు. బ్రేకు తొక్కినా వచ్చి గుద్దింది. బండి ముందుకు జరగ్గానే ఈరక్క ఇద్దరు ఆడవాళ్లను జుట్టు పట్టి పక్క కాలవలోకి లాగింది. ఆమె మోకాలు చెక్కుకుపోయింది తప్ప ఎవరికీ ఏమీ కాలేదు.

"ఎవడు కెలికినాడో తెలిసినాంక వాడు మల్లా నా బండెక్కడు!" అని రంగప్ప రంకెలు వేశాడు.

మరునాడు పొద్దున బుడన్‌సాబ్ వచ్చి స్టీరింగు కింద దూరాడు. ఆయన చెయ్యి నా సైకిలు ట్యూబు ముక్క దగ్గర ఆగింది. నా మొహం వంక ఒక్కసారి చూశాడు. ఆ తీగ పీకి జేబులో వేసుకుని బయటికొచ్చాడు.

"ఎర్తు బోల్టు వదులైపోయింది సామీ. నేను గట్టిగా బిగించల్యా. తప్పు నాదే."

రంగప్ప ఆయన్ను కూలీలందరి ముందూ తిట్టాడు. ఇక తన బండి ఒక్కటీ ఆయన షాపుకు రాదన్నాడు. నేను బండి చాటుకు పోయి, తుడిచిన అద్దమే మళ్లీ తుడుస్తూ నిలబడ్డాను.

మూడు రోజులు అన్నం సయించలేదు. శుక్రవారం హిందూపురంలో ఆయన ఇంటికి వెళ్లాను. బుడన్‌సాబ్ నమాజుకు పోయాడు. ఆయన భార్య జమ్రూద్‌కు జరిగిందంతా చెప్పాను. ఆమె నవ్వింది.

"నువ్వు మొదటోనివి కాదులేప్పా. పోయినేడు ఇంకో బస్సు డ్రైవరు, హజరత్‌వలి, ఇట్లే తప్పు చేసి ఆ అరుగు మీదే కూచోని ఏడ్చినాడు. మా ఆయన ఎర్తు అన్నాడంటే సగం తూర్లు ఎవర్నో కాపాడతాండాడని అర్థం."

"మిగతా సగం?"

"అవి నిజంగా ఎర్తే."

అంతలో బుడన్‌సాబ్ వచ్చాడు. "నీ పేరు చెప్తే నీ పని పోతాది. నా పేరు చెప్తే తిట్లొస్తాయి, అంతే కదా" అన్నాడు తేలిగ్గా. తర్వాత జేబులోంచి నా తీగ తీశాడు. గొంతు మారింది. "కానీ ఈ ముడి చూడు! ఆ ఆడోళ్లు చచ్చిపోయింటే యాడికి పోతాంటివి?"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన పట్టించుకోలేదు. సరిగ్గా ముడి వేయడం వచ్చేదాకా పదకొండు సార్లు వేయించి, అప్పుడు అన్నం పెట్టించాడు.

మరునాడు ముందు ఈరక్కకు చెప్పాను. మోకాలు చూపించి తిట్టింది. తర్వాత రంగప్పకు చెప్పాను. నా పని అయిపోయిందనుకున్నాను. "బండి తియ్యి" అన్నాడు.

నేరుగా బుడన్‌సాబ్ షాపుకు తీసుకెళ్లమన్నాడు. దిగి, తువాలు సర్దుకుని, గొంతు సవరించుకుని, "ఈ హారను సరిగ్గా మోగడంల్యా, చూడప్పా" అన్నాడు.

బుడన్‌సాబ్ హారను నొక్కాడు. ఎదురుగా కొట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి. ఆయన రంగప్ప మొహం చూశాడు. రంగప్ప నేల చూశాడు.

"దీనికేం కాలేదు సామీ. రా, కూచో, టీ తాగుదాం."

టీ తెచ్చింది నేనే. సంతోషంలో చూసుకోక గడప తన్నుకుని, సగం రంగప్ప తెల్లపంచె మీద ఒలికింది. ఇద్దరూ చూశారు. రంగప్ప పంచె పిండుకుని, మిగిలిన సగం తాగాడు.