పసుపు పూసిన కార్డులు

దిగపహండి దగ్గరి ఒక బడిలో కంప్యూటర్ పాఠం చెబుతాను. మొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటర్ గదంతా నిండి ఉండేదని, లోపల వేల గాజు గొట్టాలు వెలిగేవని చెబితే, టీచర్ని దిదీ అని పిలిచే మా పిల్లలు నమ్మలేదు. "దిదీ, అందులో రీల్స్ వస్తాయా?" అని ఒక పిల్ల అడిగింది. నాకు ఒళ్లు మండింది. చిల్లులు కొట్టిన కార్డులతో అప్పట్లో యంత్రాలకు పని చెప్పేవారని కళ్లకు చూపిస్తే గానీ వీళ్లు దారికి రారనుకున్నాను.

అలాంటి కార్డులు మా మామ దగ్గర ఉన్నాయి. బరంపురం బడా బజార్ వెనక సందులో ఆయన పట్టుచీరలు నేస్తాడు. మగ్గం మీది జకార్డు పెట్టెకు ఏ పోగు లేపాలో, ఏది వదలాలో చెప్పేవి ఆ చిల్లులే. చీర అంచులోని చేపల బొమ్మల్లో ఒక్కో వరసకు ఒక్కో కార్డు. అన్నీ మా అత్త చేత్తో కొట్టింది. అత్త పోయి రెండేళ్లయింది. నమూనా గీసిన కాగితం చెదలు తినేసింది. ఆ కార్డులు పాడైతే చేపల అంచు కూడా ఆవిడతో పోయినట్టే.

కార్డులను వరసగా గొలుసులా కుట్టిన దారం చీకిపోవడంతో మామ వాటిని విప్పి దొంతరగా పెట్టాడు. బతిమాలి ఒక్క రోజుకు తెచ్చుకున్నాను. పిల్లలకు తలా కొన్ని పంచాను. "ఆ పెద్ద యంత్రానికి తీగలు మార్చి మార్చి పని నేర్పింది ఆడవాళ్లే. ఫొటోల్లో ఉన్నారు గానీ కింద పేర్లు వేయలేదు" అని ఆవేశంగా చెప్పాను. పాఠం రక్తి కట్టింది.

తిరిగి పోగుచేస్తే కార్డుల అంచుల మీద పసుపు మచ్చలు కనిపించాయి. పూజలో పెట్టిన పసుపు పిల్లల చేతుల్లో చెరిగిపోయిందనుకున్నాను. మగ్గం సామాను కదా, పాపం తగులుతుందని భయమేసింది. దొంతర అంచులకు నిండా పసుపు పూసి, పైన కుంకుమ బొట్టు కూడా పెట్టి పట్టుకెళ్లాను.

మామ చూసి మగ్గం గుంటలోనే కూలబడ్డాడు.

"ఓరి నాయనో, ఏటి సేసినావే పిల్లా! అది పూజ పసుపు కాదే. కార్డుల వరస తప్పకుండా మీ అత్త దొంతర పక్కన ఐమూలగా గీసిన గీత! అది కలిపితే వరస దొరికేది, ఇప్పుడు నీ పసుపు కింద పోనాది. సదువుకున్న పిల్లవని ఇచ్చినాను."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. నాకు ఏడుపొచ్చింది.

ఆ కార్డులతోనే నేసిన, అత్త కట్టిన పాత చీర ఒకటి మిగిలింది. భూతద్దం పెట్టి, దాని అంచు వరస వరసా చూస్తూ ఒక్కో కార్డూ వెతికాను. మూడు ఆదివారాలు పట్టింది. మొదటి రెండు ఆదివారాలూ మామ నాకు టీ కూడా ఇవ్వలేదు. చివరికి అన్నీ కుదిరాయి. ఒక్క కార్డులో మాత్రం తప్పు కనిపించింది.

"మామా, చీరలో కూడా ప్రతి మూడో చేపకీ కన్ను నేదు. అత్త ఒక చిల్లు కొట్టడం మర్సిపోనాది. నేను కొట్టేస్తాను."

మామ చీరను ముక్కు దాకా తెచ్చుకుని చూశాడు. పగలబడి నవ్వాడు.

"ముప్పై ఏళ్లు నా తప్పులే ఎతికింది. తనదొక్కటీ దొరకనివ్వనేదు!"

నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. నేను ఉలి, సుత్తి అందుకోగానే నా మణికట్టు పట్టుకున్నాడు.

"సెయ్యి తియ్యి. ఆ కన్ను పెడితే అది మీ అత్త సేప కాదు."

సుత్తి కింద పెట్టి, కార్డులు మళ్లీ కుట్టడానికి సూదిలో దారం ఎక్కించాను.